వెలుగు దారులు కలిపిన ఇంజనీరు – డాక్టర్ కె.ఎల్. రావు

పాఠం 12

12.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు:
• డాక్టర్ కె.ఎల్. రావు జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
• రాష్ట్రాల విద్యుత్ వ్యవస్థలను ఒకదానితో ఒకటి ఎందుకు కలిపారో వివరించగలుగుతారు.
• విద్యుత్ లైన్లలో దోషాన్ని కనిపెట్టే పరికరాలు ఎలా పనిచేస్తాయో మీ మాటల్లో రాయగలుగుతారు.
• దీవుల విద్యుత్ వ్యవస్థకూ, ప్రధాన భూభాగపు వ్యవస్థకూ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

12.2 పరిచయం

మీరు అండమాన్ దీవుల్లో, పోర్ట్ బ్లెయిర్‌లోని డైరీ ఫార్మ్‌లో ఉంటున్నారనుకోండి. (పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయ పురం అని పేరు మార్చారు.) పగలంతా పని చేసి వచ్చి, రాత్రి భోజనం అయ్యాక ఈ పుస్తకం తెరిచారు. రెండు పేజీలు చదివేసరికి దీపం ఆరిపోయింది. ఫ్యాను ఆగిపోయింది. మీరు కొవ్వొత్తి కోసం వెతుక్కుంటూ ఉండగానే, అయిదు నిమిషాల్లో కరెంటు మళ్ళీ వచ్చింది. మీరు చదువు కొనసాగించారు.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. కరెంటు ఎందుకు పోయింది? ఎక్కడో లైను మీద కొమ్మ పడిందా? జనరేటరు ఆగిపోయిందా? ఆ సంగతి మొదట ఎవరికి తెలిసింది? అయిదు నిమిషాల్లో దాన్ని ఎవరు సరిచేశారు? మనం బిల్లు కడతాం, స్విచ్చి వేస్తాం. స్విచ్చికి అవతల ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు.

స్విచ్చికి అవతల ఉన్న ఆ పెద్ద వ్యవస్థ గురించి ఆలోచించినవారిలో మన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. ఆయనే డాక్టర్ కానూరి లక్ష్మణరావు. అందరూ ఆయనను కె.ఎల్. రావు అని పిలిచేవారు. ఆనకట్టల ఇంజనీరుగా ఆయన పేరు మీరు విని ఉండవచ్చు. విద్యుచ్ఛక్తితో ఆయనకున్న సంబంధం గురించి అంతగా విని ఉండరు. ఆ సంబంధాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

12.3 బాల్యం, చదువు

కె.ఎల్. రావు 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. అది విజయవాడకు దగ్గరలోని ఊరు. చుట్టూ కృష్ణా కాలువల కింద పండే వరి పొలాలు. కాలువలో నీరు వస్తే పంట, రాకపోతే పస్తు. ఈ సత్యాన్ని అక్కడి పిల్లలకు ఎవరూ పాఠంగా చెప్పనక్కరలేదు. రోజూ కళ్ళతో చూస్తూనే ఉంటారు.

ఆయన బాల్యం సుఖంగా గడవలేదు. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి చనిపోయారు. బడిలో ఆడుకుంటూ ఉండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. తండ్రి లేని పిల్లవాడు, ఒంటి కన్నుతో చదువుకోవలసిన పరిస్థితి. చదువు మానడానికి ఇందులో ఏ ఒక్క కారణమైనా సరిపోతుంది. ఆయన మానలేదు.

మద్రాసులో ఇంజనీరింగు చదివారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగులో మాస్టర్ డిగ్రీ పొందిన మొదటి విద్యార్థి ఆయనే. బర్మాలోని రంగూన్‌లో అధ్యాపకుడుగా పనిచేశారు. ఇంగ్లండు వెళ్ళి, 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. అక్కడ కూడా కొంతకాలం పాఠాలు చెప్పారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై ఏడేళ్ళు. చదువుకు వయసు అడ్డం కాదని చెప్పడానికి మనకు దూరపు ఉదాహరణలు అక్కరలేదు.

12.4 ఆనకట్టల ఇంజనీరు

స్వదేశానికి తిరిగి వచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరారు. 1950లో ఢిల్లీ వెళ్ళి, కేంద్ర జల, విద్యుత్ సంఘంలో డిజైన్ల డైరెక్టరు అయ్యారు. 1954లో చీఫ్ ఇంజనీరు అయ్యారు. ఆ సంఘం పేరు గమనించారా? జలం, విద్యుత్తు రెండూ అందులో ఉన్నాయి. ఎత్తున నిలిపిన నీటిని కిందికి వదిలితే అది టర్బైను చక్రాన్ని తిప్పుతుంది. చక్రం జనరేటరును తిప్పుతుంది. ఆ నీరే తరవాత పొలానికి పోతుంది. ఒకే నీటితో దీపమూ వెలుగుతుంది, పంటా పండుతుంది.

ఆయన పేరుతో ముడిపడిన పెద్ద నిర్మాణం నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. ఆ కాలంలో దేశంలో సిమెంటుకు కొరత. విదేశాల నుంచి యంత్రాలు తెప్పించుకోవడానికి డబ్బు కొరత. రాయికీ, పని చేసే చేతులకూ మాత్రం కొరత లేదు. అందుచేత ప్రధాన ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతి కట్టడంగా నిర్మించారు. దాని ఎత్తు సుమారు 124 మీటర్లు. ఉన్న వనరులను చూసి పద్ధతిని ఎంచుకోవడం మంచి ఇంజనీరు లక్షణం. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు.

1978 నుంచి సాగర్‌లో విద్యుదుత్పత్తి కూడా మొదలైంది. ప్రధాన విద్యుత్ కేంద్రం సామర్థ్యం సుమారు 816 మెగావాట్లు. ఇక్కడి యంత్రాల్లో ఎక్కువ భాగానికి ఒక ప్రత్యేకత ఉంది. అవి రెండు వైపులా తిరుగుతాయి. కరెంటు కావలసినప్పుడు నీటితో తిరిగి విద్యుత్తును ఇస్తాయి. విద్యుత్తు మిగిలినప్పుడు వెనక్కి తిరిగి, కింది నీటిని పైకి తోడతాయి. బస్తాల్లో ధాన్యం దాచినట్లు ఎత్తున నీటి రూపంలో విద్యుత్తును దాచడమన్నమాట. బొగ్గు కేంద్రాన్ని చల్లారిన స్థితి నుంచి నడపడానికి గంటలు పడుతుంది. నీటి యంత్రాన్ని నిమిషాల్లో నడపవచ్చు. ఎక్కడైనా లోటు వచ్చినప్పుడు ఈ వేగమే వ్యవస్థను కాపాడుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు 12.1

ఖాళీలను పూరించండి.
1. కె.ఎల్. రావు జన్మించిన ఊరు ________.
2. ఆయన ________ సంవత్సరంలో డాక్టరేటు పొందారు.
3. నాగార్జునసాగర్ ప్రధాన ఆనకట్ట ________ కట్టడం.

12.5 మంత్రిగా: ఒకే తేరు, అనేక చేతులు

1962లో ఆయన విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1967లోనూ, 1971లోనూ అక్కడి ప్రజలే మళ్ళీ గెలిపించారు. 1963లో ఆయనకు పద్మభూషణ్ లభించింది. అదే సంవత్సరం జూలైలో కేంద్ర మంత్రివర్గంలో చేరి, నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖలో సుమారు పదేళ్ళు బాధ్యతలు నిర్వహించారు. లెక్కలు కట్టే ఇంజనీరు ఇప్పుడు నిర్ణయాలు చేసే స్థానంలోకి వచ్చారు.

ఆనాటి పరిస్థితి ఎలా ఉండేదో చూడండి. స్వాతంత్ర్యం వచ్చిన 1947లో దేశం మొత్తానికి ఉన్న విద్యుదుత్పత్తి సామర్థ్యం 1,362 మెగావాట్లు మాత్రమే. ఆ తరవాత పంచవర్ష ప్రణాళికల్లో కొత్త కేంద్రాలు వచ్చాయి. అయితే ప్రతి రాష్ట్రానికీ దాని విద్యుత్ బోర్డు, దాని లైన్లు, దాని లెక్కలు వేరు. వానలు బాగా కురిసి ఒక రాష్ట్రంలో జలవిద్యుత్తు మిగిలిపోతుంటే, సరిహద్దుకు అవతల మిల్లులు ఆగిపోయేవి. పంచుకున్న సందర్భాలు లేకపోలేదు. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రాలు కలిసి కట్టుకున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ప్రారంభమైంది. కాని ఇటువంటివి తక్కువ.

1964లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాల అంగీకారంతో దేశాన్ని ఉత్తర, పశ్చిమ, దక్షిణ, తూర్పు, ఈశాన్య ప్రాంతాలుగా విభజించి, అయిదు ప్రాంతీయ విద్యుత్ మండళ్ళను ఏర్పాటు చేసింది. ఒక ప్రాంతంలోని రాష్ట్రాలన్నీ తమ లైన్లను కలిపి, కరెంటును ఇచ్చిపుచ్చుకోవడం దీని ఉద్దేశం. ఇది ఏ ఒక్కరి పనీ కాదు. ఎందరో ఇంజనీర్లు, అనేక రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేసిన పని. ఆ దశలో ఆ శాఖ బాధ్యత వహించినవారిలో కె.ఎల్. రావు ఒకరు.

ఇలా కలిపిన లైన్ల వ్యవస్థను గ్రిడ్ అంటారు. గ్రిడ్ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మన ఊరి రథోత్సవాన్ని గుర్తు చేసుకోండి. తేరును పదిమంది లాగుతున్నారనుకోండి. అందులో ఇద్దరు తాడు వదిలేస్తే తేరు దాదాపు ఆగిపోతుంది. అదే తేరును వెయ్యిమంది లాగుతుంటే, ఇద్దరు వదిలినా తేడా తెలియదు. జనరేటర్లు తేరు లాగేవారి వంటివి. తేరు బరువు మనం వాడే విద్యుత్తు. తేరు వేగాన్ని విద్యుత్ శాస్త్రంలో పౌనఃపున్యం అంటారు. మన దేశంలో అది సెకనుకు 50 ఆవృత్తులు ఉండాలి. వాడకం ఉత్పత్తిని మించితే అది 50కి కిందికి దిగుతుంది. ఉత్పత్తి ఎక్కువైతే 50కి పైకి పోతుంది. అంటే ఆ ఒక్క అంకె చూస్తే మొత్తం గ్రిడ్ నాడి తెలుస్తుంది.

12.6 గ్రిడ్‌కు కన్ను, మెదడు, చెయ్యి

తాడు ఒక్కటే అయినప్పుడు ఒక ప్రమాదం కూడా ఉంది. ఒకడు తూలి పడితే పక్కవాడిని కూడా లాగేస్తాడు. అందుచేత గ్రిడ్‌ను కలపడంతోపాటు దాన్ని కనిపెట్టి ఉండడం కూడా అవసరమయింది.

మొదటి రోజుల్లో ఈ పని ఎక్కువగా మనుషులే చేసేవారు. సబ్‌స్టేషన్‌లో ఉన్న ఉద్యోగి గంటగంటకూ మీటర్లు చూసి పుస్తకంలో రాసుకునేవాడు. ఆ అంకెలను టెలిఫోనులో కేంద్రానికి చెప్పేవాడు. చాలాచోట్ల ఆ మాటలు కూడా కరెంటు తీగల మీదుగానే పోయేవి. కేంద్రంలో ఉన్న ఇంజనీరు ఆ అంకెలు విని, ఏ యంత్రాన్ని పెంచాలో, ఏ లైను తీయాలో చెప్పేవాడు.

అయితే లైను మీద పిడుగు పడితే టెలిఫోను చేసే వ్యవధి ఉండదు. సెకనులో పదో వంతు కాలంలోనే తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవచ్చు. ఆ పని పరికరాలే చేయాలి. అవి మూడు రకాలు.

కన్ను: లైనులో ప్రవహించే విద్యుత్తు వేల వోల్టుల్లో ఉంటుంది. దాన్ని నేరుగా కొలవలేం. అందుకని కొలత ట్రాన్స్‌ఫార్మర్లు పెడతారు. అవి పెద్ద విద్యుత్తుకు చిన్న నకలును తయారుచేసి ఇస్తాయి.

మెదడు: ఆ నకలును చూసి, ఇది మామూలా, దోషమా అని నిర్ణయించే పరికరం రిలే.

చెయ్యి: రిలే ఆజ్ఞ ఇవ్వగానే లైనును తెంచే పెద్ద స్విచ్చి సర్క్యూట్ బ్రేకరు. మీ ఇంటి ఫ్యూజు చేసే పనే ఇదీ చేస్తుంది. కాని ఫ్యూజు ఒకసారి కాలితే కొత్త తీగ కట్టాలి. బ్రేకరు తనంతట తానే తిరిగి మూసుకోగలదు. లైను మీద కొమ్మ తగిలి కింద పడిపోయిందనుకోండి. బ్రేకరు లైనును తెంచి, కొద్ది సేపు ఆగి, మళ్ళీ కలిపి చూస్తుంది. దోషం పోయి ఉంటే కరెంటు నిలుస్తుంది. పోకపోతే మళ్ళీ తెంచి, లైన్‌మన్ వచ్చేదాకా ఆగుతుంది. మీ ఇంట్లో దీపం ఒక్క క్షణం ఆరి వెలిగిందంటే, చాలాసార్లు కారణం ఇదే.

తరవాతి కాలంలో సబ్‌స్టేషన్ల అంకెలన్నీ కొన్ని సెకన్లకు ఒకసారి వాటంతట అవే కంప్యూటరు తెర మీదికి చేరే పద్ధతి వచ్చింది. ఇప్పుడు అంతకన్నా చురుకైన కొలత పరికరాలు ఉన్నాయి. అవి ఉపగ్రహాల గడియారంతో సమయం సరిచూసుకుంటూ, సెకనుకు పాతికసార్లు, ఇంకా ఎక్కువసార్లు కూడా గ్రిడ్ స్థితిని తెలుపుతాయి.

పాఠ్యగత ప్రశ్నలు 12.2

సరైన జవాబును గుర్తించండి.
1. ప్రాంతీయ విద్యుత్ మండళ్ళు ఏర్పడిన సంవత్సరం
(అ) 1947 (ఆ) 1955 (ఇ) 1964
2. దోషమా కాదా అని నిర్ణయించే పరికరం
(అ) రిలే (ఆ) బ్రేకరు (ఇ) టర్బైను
3. వాడకం ఉత్పత్తిని మించితే పౌనఃపున్యం
(అ) పెరుగుతుంది (ఆ) తగ్గుతుంది (ఇ) మారదు

12.7 గంగా–కావేరి పథకం, చివరి దశ

ప్రాంతాల మధ్య కరెంటును పంచినట్లే నదుల మధ్య నీటిని పంచాలని కె.ఎల్. రావు కలగన్నారు. 1972లో ఆయన గంగా–కావేరి అనుసంధాన పథకాన్ని ప్రతిపాదించారు. పాట్నా దగ్గర గంగలో వరద నీటిని తీసుకుని, 2,640 కిలోమీటర్ల దూరం దక్షిణానికి తేవాలని ఆయన ఆలోచన. ఏడాదిలో 150 రోజులు, 60,000 క్యూసెక్కుల చొప్పున నీరు తీయాలి. దారిలో వింధ్య పర్వతాల ఎత్తును దాటించాలి. నీటిని అంత ఎత్తుకు తోడడానికి వేల మెగావాట్ల విద్యుత్తు కావాలి. ఆనాటి దేశానికి అది మోయరాని భారం. ఖర్చు చాలా ఎక్కువని నిపుణులు తేల్చారు. పథకం అమలు కాలేదు. నదుల అనుసంధానం గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఆయన పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ ఆలోచనను మెచ్చుకునేవారూ ఉన్నారు, పర్యావరణ కారణాలతో వ్యతిరేకించేవారూ ఉన్నారు. మీరు రెండు వైపుల వాదనలూ తెలుసుకుని మీ అభిప్రాయం ఏర్పరచుకోండి.

1975లో ఆయన మన దేశ జల సంపద మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించారు. ఆత్మకథ కూడా రాశారు. 1986 మే 18న మరణించారు. కృష్ణానది మీద పులిచింతల వద్ద కట్టిన ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు.

12.8 ఆయన తరవాత

కె.ఎల్. రావు మరణించేనాటికి అయిదు ప్రాంతాల గ్రిడ్‌లు ఇంకా పూర్తిగా ఏకం కాలేదు. 2006 నాటికి నాలుగు ప్రాంతాలు ఒకే గ్రిడ్‌గా కలిశాయి. మన దక్షిణ ప్రాంతం మాత్రం విడిగా ఉండేది.

అప్పుడే ఒక పెద్ద పరీక్ష ఎదురయింది. 2012 జూలై 30 తెల్లవారుజామున మధ్యప్రదేశ్‌లోని బీనా – గ్వాలియర్ మధ్య ఉన్న 400 కిలోవోల్టుల లైను తెగిపోయింది. అప్పటికే పక్క లైన్లు కొన్ని మరమ్మతులో ఉండడంతో ఆ లైను మోయవలసిన బరువు ఎక్కువయింది. నిజానికి లైనులో దోషం లేదు. రిలే ఆ అధిక భారాన్ని దోషమని పొరబడింది. బ్రేకరు తెరుచుకుంది. ఆ భారం పక్క లైన్ల మీద పడి, అవీ ఒకదాని వెంట ఒకటి తెగిపోయాయి. ఉత్తర భారతం చీకటిలో మునిగింది. మరుసటి రోజు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతాలు మూడూ కూలిపోయాయి. సుమారు 60 కోట్లమంది నివసించే ప్రాంతమది. రైళ్ళు ఆగిపోయాయి. గనుల్లో పనివారు చిక్కుకుపోయి, తరవాత బయటపడ్డారు. దక్షిణ ప్రాంతం ఆ గ్రిడ్‌తో ఒకే తాడుకు కట్టి లేకపోవడం వల్ల తెలుగు జిల్లాల్లో దీపాలు ఆరలేదు.

మరి కలపడమే తప్పా? ఇంజనీర్లు అలా అనుకోలేదు. కన్ను సరిగా చూడకపోవడం, మెదడు పొరబడడం, భారం ఎక్కువైనప్పుడు రాష్ట్రాలు వాడకం తగ్గించుకోకపోవడం తప్పులని గుర్తించారు. రక్షణ పరికరాల అమరికలను తనిఖీ చేశారు. కొత్త కొలత పరికరాలను విస్తృతంగా పెట్టారు. 2013 డిసెంబరు 31న రాయచూరు – షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ ప్రాంతం కూడా కలిసింది. దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. 1,362 మెగావాట్లతో మొదలైన సామర్థ్యం నేడు 4 లక్షల మెగావాట్లు దాటింది.

12.9 దీవుల సంగతి

ఇప్పుడు మళ్ళీ డైరీ ఫార్మ్‌కు వద్దాం. దేశమంతా ఒకే గ్రిడ్ అన్నాం. అందులో అండమాన్ నికోబార్ దీవులు లేవు. విశాఖపట్నం నుంచీ, చెన్నై నుంచీ పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రం మీద వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. అంత దూరం లైను వేయలేదు. మీ పెద్దలు ఓడలో దాటి వచ్చిన సముద్రాన్ని కరెంటు ఇంకా దాటలేదు.

అందుచేత దీవుల్లో విద్యుత్తు దీవుల్లోనే పుట్టాలి. ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది. ఆ డీజిల్ ఓడల్లో రావాలి. ఉత్తర అండమాన్‌లో కల్పాంగ్ మీద 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. పోర్ట్ బ్లెయిర్ దగ్గర గారచర్మలో 2013లో 5 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వచ్చింది. ఆ తరవాత బ్యాటరీలతో కూడిన సౌర కేంద్రాలు కూడా వచ్చాయి.

తేరు ఉదాహరణ గుర్తుందా? ఇక్కడ తేరు లాగేవారు కొద్దిమందే. ఒక జనరేటరు ఆగినా, సౌర పలకల మీదికి మబ్బు వచ్చినా మిగిలిన యంత్రాల మీద వెంటనే భారం పడుతుంది. పక్క రాష్ట్రం నుంచి సాయం రాదు. కాబట్టి చిన్న గ్రిడ్‌కు చురుకైన కన్ను మరింత అవసరం. పౌనఃపున్యం పడిపోతే, పౌనఃపున్య రిలే కొన్ని లైన్లను ముందుగా తీసివేసి మిగతావాటిని నిలబెడుతుంది. యంత్రం తేరుకునే లోపల బ్యాటరీ తన వంతు కరెంటు ఇస్తుంది. అంటే మీ వీధిలో కరెంటు పోయినప్పుడు, ఆ కోత ఆసుపత్రిలో దీపం ఆరకుండా కాపాడి ఉండవచ్చు.

కంకిపాడు కుర్రవాడు చదువు మానకపోవడం వల్ల దేశానికి ఒక ఇంజనీరు దొరికాడు. మీరు కూడా మధ్యలో ఆగిన చదువును మళ్ళీ పట్టుకున్నారు. దీవులకు లైన్‌మన్లు, ఎలక్ట్రీషియన్లు, ఇంజనీర్లు కావాలి. కరెంటు వచ్చింది. పుస్తకం మూయకండి.

12.10 మీరు చేయవలసిన పని

ఒక వారం పాటు మీ ఇంట్లో కరెంటు పోయిన తేదీ, పోయిన సమయం, వచ్చిన సమయం ఒక నోటుపుస్తకంలో రాయండి. మీ ఇంట్లోనే పోయిందా, వీధంతా పోయిందా అన్నది కూడా గమనించండి. ఇంట్లోనే పోతే దోషం మీ ఫ్యూజులో ఉండవచ్చు. వీధంతా పోతే దోషం లైనులో ఉండవచ్చు. మీరు చేసే ఈ పనే పరికరాలు సెకనుకు అనేకసార్లు చేస్తున్నాయి.

హెచ్చరిక: తెగిపడిన తీగ దగ్గరికి పోకండి. కరెంటు లేదనిపించినా ముట్టుకోకండి. బ్రేకరు మళ్ళీ కలుపుతుందని చదివారు కదా! వెంటనే విద్యుత్ కార్యాలయానికి తెలపండి.

12.11 సారాంశం

కె.ఎల్. రావు 1902లో కంకిపాడులో జన్మించి, కష్టాల మధ్య చదివి ఇంజనీరు అయ్యారు. నాగార్జునసాగర్ నిర్మాణంతో ఆయన పేరు ముడిపడింది. ఆయన కేంద్రమంత్రిగా ఉన్న కాలంలోనే, 1964లో ప్రాంతీయ విద్యుత్ మండళ్ళు ఏర్పడ్డాయి. గ్రిడ్ వల్ల రాష్ట్రాలు కరెంటును పంచుకోగలవు. అయితే దోషం వ్యాపించకుండా కనిపెట్టే పరికరాలు ఉండాలి. దీవుల గ్రిడ్ చిన్నది, ఒంటరిది. అందువల్ల దానికి ఈ పరికరాల అవసరం ఇంకా ఎక్కువ.

12.12 పదాలు – అర్థాలు

పౌనఃపున్యం = సెకనుకు జరిగే ఆవృత్తుల సంఖ్య
సామర్థ్యం = చేయగల శక్తి
అనుసంధానం = కలపడం
క్యూసెక్కు = సెకనుకు ఒక ఘనపుటడుగు నీటి ప్రవాహం
జలవిద్యుత్తు = నీటి బలంతో పుట్టే విద్యుత్తు
నకలు = ప్రతి, అదే రూపం

12.13 పాఠాంత ప్రశ్నలు

1. కె.ఎల్. రావు బాల్యంలో ఎదుర్కొన్న కష్టాలు ఏవి?
2. గ్రిడ్‌ను తేరుతో ఎందుకు పోల్చారు? మీ మాటల్లో వివరించండి.
3. 2012 జూలైలో గ్రిడ్ కూలిపోవడానికి కారణాలు రాయండి.
4. దీవుల విద్యుత్ వ్యవస్థకు ఉన్న ఇబ్బందులు ఏవి? వాటిని తగ్గించే మార్గాలు సూచించండి.

12.14 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

12.1: 1. కంకిపాడు 2. 1939 3. రాతి
12.2: 1. (ఇ) 2. (అ) 3. (ఆ)